మన జొన్నలు దాచిన మంచుకొండ

ఎల్లంపల్లి జలాశయంలో నీళ్ళు నిండుగా నిలిచిన రోజుల్లో కోటిలింగాల దగ్గర గోదావరి పెద్దవాగులోకి ఎదురెక్కుతుంది. వెల్గటూర్ దిక్కు నుంచి చూస్తే ఏది నదో, ఏది వాగో తెలియదు. అంతా బ్యాక్‌వాటరే. నార్వే పడమటి తీరం పొడవునా సముద్రం చేసిన పని ఇదే. అక్కడ దాన్ని ఫియోర్డ్ అంటారు.

అయితే ఆ లోయలు సముద్రం తవ్వినవి కావు. మంచుయుగాల్లో కొండల మీద పేరుకున్న హిమం తన బరువుకు తానే జారుతూ, కింది రాతిని గీకుతూ, గట్లను కోస్తూ తీరం దాకా దిగింది. అది కరిగి వెనక్కి తగ్గాక ఖాళీ లోయల్లోకి ఉప్పునీళ్ళు నడిచొచ్చాయి. సోగ్నెఫియోర్డ్ నేల లోపలికి 200 కిలోమీటర్లకు పైగా సాగుతుంది. లోతు 1,308 మీటర్లు. అంత లోతూ లోపలే. సముద్రంలో కలిసే మూతి దగ్గర నీళ్ళు బాగా తక్కువ. లోపల మందంగా పేరుకున్న మంచు లోతుగా తవ్వింది, మూతి దాకా వచ్చేసరికి పలచబడి బలం తగ్గింది. ఈ మెలికలూ దీవులూ అన్నీ కలిపి కొలిస్తే నార్వే తీరం లక్ష కిలోమీటర్లు దాటుతుంది.

నేల తెలంగాణకు దాదాపు మూడింతలు. మనుషులు మాత్రం 56 లక్షలు. సాగుకు పనికొచ్చే భూమి నూటికి మూడు పాళ్ళే కాబట్టి జనం తీరాన్నే పట్టుకుని బతికారు. అట్లాంటిక్ నుంచి వచ్చే వెచ్చటి ప్రవాహం వల్ల అంత ఉత్తరాన ఉన్నా రేవులు గడ్డకట్టవు. ఉత్తరాన రెయిన్‌డీర్లను మేపే సామీలు ఈ నేలకు పాతకాపులు. వాళ్ళకు 1989 నుంచి సొంత పార్లమెంటు ఉంది.

పొద్దు సంగతే వేరు. ట్రోమ్సోలో మే మూడో వారం నుంచి రెండు నెలలు సూర్యుడు అస్తమించడు, నవంబరు చివర వెళ్ళిపోయి జనవరి మధ్యకు గానీ ముఖం చూపడు. ఆ చీకట్లోనే ఆకాశంలో ఆకుపచ్చ వెలుగులు జీరాడతాయి. సూర్యుడి నుంచి దూసుకొచ్చే కణాలు పైగాలిలోని ఆక్సిజన్‌ను తాకితే పుట్టే రంగు అది. నాకు ఇంతకంటే నచ్చిన వింత ర్యూకాన్ ఊరు. కొండల మధ్య ఇరుకు లోయ. సెప్టెంబరు చివర నుంచి మార్చి దాకా ఎండ నేలకు దిగదు. 1928లో జనాన్ని ఎండలోకి మోసుకెళ్ళడానికి రోప్‌వే కట్టారు. 2013లో ఎండనే కిందికి దించారు: కొండ మీద నిలబెట్టిన మూడు పెద్ద అద్దాలు సూర్యుణ్ణి వెంబడిస్తూ తిరిగి, ఊరి నడిబొడ్డున వెలుగు పరుస్తాయి. చలికోట్లు వేసుకున్నవాళ్ళు అందులో కుర్చీలు వేసుకుని కళ్ళు మూసుకుంటారు.

ఇక ఏలుబడి. 1814 మే 17న రాజ్యాంగం రాసుకున్నారు, స్వీడన్ నుంచి విడిపోయింది మాత్రం 1905లో. రాజు ఉన్నాడు, పాలించడు. 169 మంది సభ్యుల పార్లమెంటు స్టోర్టింగ్‌దే పెత్తనం. దాన్ని నడుమ రద్దు చేయడం కుదరదు, నాలుగేళ్ళు కూర్చోవాల్సిందే. గడువుకు ముందే తెలంగాణ అసెంబ్లీ రద్దయిన 2018 గుర్తున్నవాళ్ళకు ఇదీ వింతే.

ఇంకా పైకి, ధ్రువం దగ్గర స్వాల్‌బార్డ్ దీవులు. చెట్టన్నది మొలవని నేల. 2008లో అక్కడ కొండ కడుపులోకి సొరంగం తొలిచి ప్రపంచ విత్తనాల ఖజానా తెరిచారు. సున్నాకు దిగువన 18 డిగ్రీల చలిలో, రేకు సంచుల్లో, పెట్టెల్లో గింజలు. వాటిలో పటాన్‌చెరు ఇక్రిశాట్ పంపిన జొన్న, సజ్జ, కంది, శనగ, పల్లి ఉన్నాయి. పెట్టె తెరిచే హక్కు దాచుకున్నవాళ్ళదే, నార్వేది కాదు. సిరియా యుద్ధంలో అలెప్పో విత్తనాల నిలువకు దారి మూసుకుపోయినప్పుడు, 2015లో దాని తాలూకు పెట్టెలను ఇక్కడి నుంచే తొలిసారి వెనక్కి తీసుకున్నారు.

కరెంటు పోయినా చుట్టూ గడ్డకట్టిన నేల కాపాడుతుందన్నది లెక్క. 2016 అక్టోబరులో మంచు పడాల్సిన చోట వాన కురిసి సొరంగం నోట్లోకి నీళ్ళు చేరాయి. గింజల దాకా రాలేదు. ఆ దారిని నీరు చొరకుండా నార్వే తన ఖర్చుతో మళ్ళీ కట్టింది. ఆ దేశానికి అంత కలిమి 1969లో ఉత్తర సముద్రం అడుగున ఎకోఫిస్క్ దగ్గర దొరికిన చమురుతో వచ్చింది. ఆ చమురు తోడటం ఇప్పటికీ ఆగలేదు.