సిగరెట్ మానడానికీ మందుంది!

కార్తీక మాసం వస్తే టీకొట్ల దగ్గర పొగ కాస్త పలచబడుతుంది. రోజుకో ప్యాకెట్ ఊదేసేవాళ్లు కూడా అయ్యప్ప మాల వేసుకుని 41 రోజులు ఒక్క సిగరెట్టూ ముట్టకుండా గడిపేస్తారు. శబరిమల వెళ్లొచ్చి మాల తీసిన వారం తిరక్కుండానే వాళ్లలో చాలామంది మళ్లీ మొదలుపెడతారు. ‘అన్ని రోజులు ఉండగలిగినవాడివి, ఇప్పుడేమొచ్చింది? మనసు లేక గానీ!’ అని ఇంట్లోవాళ్లు దెప్పుతారు. పాపం, ఆయన దగ్గర జవాబుండదు. వైద్యుల దగ్గర ఉంది.

పొగ లోపలికి పీల్చిన పది, ఇరవై సెకన్లలో నికోటిన్ మెదడుకు చేరుతుంది. అక్కడ తనకోసం కాచుకున్న గ్రాహకాల మీద వాలి, హాయినిచ్చే డోపమైన్‌ను విడుదల చేయిస్తుంది. ఏళ్ల తరబడి తాగేవారిలో ఆ గ్రాహకాల సంఖ్య పెరిగిపోతుంది. సరఫరా ఆగిందంటే అవన్నీ ఒక్కసారే గోల పెడతాయి. చిరాకు, నిద్ర పట్టకపోవడం, ఏ పని మీదా మనసు నిలవకపోవడం, అదేపనిగా ఆకలి, కొందరికి మలబద్ధకం... మొదటి వారంలో, ముఖ్యంగా రెండో మూడో రోజుల్లో ఈ బాధ పతాక స్థాయిలో ఉంటుంది. రెండు నుంచి నాలుగు వారాల్లో చాలావరకు తగ్గుతుంది.

అంటే మాల వేసుకున్నాయన శరీరం పెట్టే బాధను దాటేసినట్టే. మరి మళ్లీ ఎందుకు పడిపోయాడు? దీక్షలో ఆయన బతుకే మారిపోయింది. తెల్లవారుజామున చన్నీళ్ల స్నానం, చెప్పుల్లేని కాళ్లు, ఒంటిపూట భోజనం, ‘స్వామీ’ అని పిలిచే జనం. ‘దా, ఓ దమ్ము కొడదాం’ అనే స్నేహితుడు కూడా పక్కకు తప్పుకుంటాడు. మాల తీయగానే పాత టీ, పాత స్నేహం, పాత కోరిక అన్నీ ఒకేరోజు తిరిగొస్తాయి. మన పెద్దలు కట్టిన ఆ కట్టడి నిజానికి చాలా మంచి చికిత్స. కాకపోతే ఒక్కసారిగా తెగిపోయే చికిత్స.

మందులు అక్కరకొచ్చేది ఇక్కడే. బీపీకి, షుగరుకు ఏళ్లకేళ్లు మాత్రలు మింగేవారు కూడా సిగరెట్ మానడానికి మాత్ర అంటే ‘నాకంత ఖర్మేంటి’ అనేస్తారు. ఈ మొహమాటమే మనవాళ్లను ముంచుతోంది. ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి: ‘పొగ తాగుతారా?’ అని అడిగి, ‘మానేయండి’ అని చెప్పి, చీటీ మీద ఏమీ రాయకుండా పంపేసే డాక్టర్లకూ కొదవ లేదు.

సీటు మీద తువ్వాలు

ఈ మందుల్లో ముందు చెప్పుకోవాల్సింది వరెనిక్లిన్. దీని మూలం ఒక చెట్టు. పసుపు పూల లాబర్నమ్ గింజల్లో ఉండే సైటిసిన్ అనే పదార్థం నికోటిన్‌లాగే మెదడు గ్రాహకాలకు అతుక్కుంటుంది. బల్గేరియాలో 1964 నుంచే దాన్ని పొగ మాన్పించే మాత్రగా అమ్మారు. పశ్చిమ దేశాలు చాలాకాలం పట్టించుకోలేదు. ఆ సైటిసిన్ నిర్మాణం ఆధారంగానే ఫైజర్ కంపెనీ వరెనిక్లిన్‌ను తయారుచేసింది. అమెరికా 2006లో అనుమతిచ్చింది.

ఆర్టీసీ బస్సు కిటికీలోంచి తువ్వాలు వేసి సీటు ఆపుకుంటాం కదా, ఈ మాత్ర చేసేదీ అదే. నికోటిన్ కూర్చోవాల్సిన చోట ముందే కూర్చుంటుంది. కొద్దిగా డోపమైన్‌ను విడుదల చేయించి బాధను అదుపులో ఉంచుతుంది. ఆ సమయంలో ఎవరైనా సిగరెట్ వెలిగించినా నికోటిన్‌కు చోటు దొరకదు, మజా రాదు.

వాడే పద్ధతి తెలియకే చాలామంది దెబ్బతింటారు. మానే రోజు ముందుగా నిర్ణయించుకుని, దానికి వారం ముందే మాత్ర మొదలుపెట్టాలి. మొదటి మూడు రోజులు రోజుకు అర మిల్లీగ్రాము, తర్వాత నాలుగు రోజులు అదే రెండుపూటలా, ఎనిమిదో రోజు నుంచి ఒక మిల్లీగ్రాము రెండుపూటలా. మొత్తం 12 వారాలు. ‘కోరిక పోయింది, ఇక మాత్ర దండగ’ అని నెలకే ఆపేస్తే మాల తీసేసిన కథే. భోజనం చేశాక గ్లాసెడు నీళ్లతో వేసుకుంటే వికారం తగ్గుతుంది. విచిత్రమైన కలలు వస్తుంటే రాత్రి మాత్రను సాయంత్రానికి జరపమంటారు. కిడ్నీ జబ్బున్నవారికి మోతాదు మారుతుంది కాబట్టి ఇది సొంత వైద్యం కాదు.

ఈ మాత్రతో మతి చలిస్తుందనీ, ఆత్మహత్య ఆలోచనలు వస్తాయనీ ఒక భయం ఉంది. అది గాలి కబురు కాదు. 2009లో అమెరికా ఔషధ సంస్థే పెట్టె మీద తీవ్ర హెచ్చరిక వేయించింది. తర్వాత ఎనిమిది వేల మందికి పైగా పాల్గొన్న పరీక్షలో, నికోటిన్ ప్యాచ్‌తోనో ఉత్తుత్తి మాత్రతోనో పోలిస్తే అలాంటి ముప్పు చెప్పుకోదగినంతగా పెరగలేదని తేలడంతో 2016లో ఆ హెచ్చరికను తొలగించింది. మానసిక సమస్య ఉన్నవారు ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి.

గమ్ నమిలేది కాదు

రెండో మాత్ర బ్యుప్రోపియాన్. కుంగుబాటుకు వాడే మందు ఇది. పొగ మాన్పించడానికి 1997లో అనుమతి పొందింది. మూర్ఛ ఉన్నవారికి ఇవ్వరు.

ఇక నికోటిన్ గమ్. సబ్‌మెరైన్లలో సిగరెట్ కాల్చే వీల్లేని స్వీడన్ నావికుల ఇబ్బంది చూసి పుట్టిన ఆలోచన ఇది. 2 మిల్లీగ్రాముల గమ్ మన మందుల షాపుల్లో చీటీ లేకుండానే దొరుకుతుంది. దాన్ని బబుల్‌గమ్‌లా కసకసా నమిలి, ‘గొంతు మండింది, పనిచేయలేదు’ అని ఉమ్మేసేవారే ఎక్కువ. నాలుగుసార్లు నెమ్మదిగా నమిలి, కారం తగలగానే బుగ్గన పెట్టుకోవాలి. కారం తగ్గాక మళ్లీ నమలాలి. కాఫీ తాగాక పావుగంట ఆగాలి. చర్మానికి అంటించే ప్యాచ్‌కు గమ్ తోడైతే ఏదో ఒక్కటే వాడినదానికంటే మెరుగు.

చాలామంది డాక్టర్లూ చెప్పని సంగతి ఒకటుంది. పొగలోని రసాయనాలు కాఫీ, టీలలోని కెఫీన్‌ను కాలేయం త్వరగా అరగదీసేలా చేస్తాయి. పొగ ఆగితే అదే రెండు కప్పుల కాఫీ ఒంట్లో ఎక్కువసేపు నిలుస్తుంది. దాంతో గుండె దడ, నిద్రలేమి. అది సిగరెట్ మానిన బాధే అనుకుంటారు. కాఫీ సగానికి తగ్గించి చూడండి. ఉబ్బసానికి థియోఫిలిన్, మానసిక రోగానికి క్లోజపిన్, ఒలాంజపిన్ వాడేవారు మానేముందు తప్పక డాక్టరుకు చెప్పాలి, మోతాదు తగ్గించాల్సి రావచ్చు.

ఇంతకీ ఫలితం ఎంత? వైద్య పరిశోధనలన్నిటినీ కలిపి బేరీజు వేసే కొక్రేన్ సమీక్ష 2023లో చెప్పిన ప్రకారం, మందు లేకుండా ప్రయత్నిస్తే 100 మందిలో ఆరుగురు మానగలిగితే, వరెనిక్లిన్‌తో దాదాపు 14 మంది మానగలరు. మంత్రమేమీ కాదు. కానీ రెట్టింపు కన్నా ఎక్కువ.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో వరెనిక్లిన్, గమ్, ప్యాచ్ వంటి నికోటిన్ ప్రత్యామ్నాయాలు, బ్యుప్రోపియాన్, సైటిసిన్‌లను సిఫార్సు చేసింది. పొగాకు నమిలేవారికి కూడా మొదటి రెండూ పనికొస్తాయంది. మనకు ఇది ముఖ్యం. 2016-17 జాతీయ సర్వేలో పెద్దల్లో 28.6 శాతం మంది పొగాకు వాడుతుంటే, పొగ తాగేవారు 10.7 శాతమే. ఉత్తరాంధ్రలో నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని అడ్డచుట్ట కాల్చే ముసలమ్మలకు ఈ మాత్రల పేరు చెప్పినవారెవరు? పొగాకు పండించడానికి రాజమండ్రిలో 1947 నుంచీ పరిశోధన సంస్థ ఉంది, అమ్ముకోవడానికి గుంటూరులో బోర్డు ఉంది. మాన్పించే మందు మాత్రం ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనూ ఉచితంగా ఉండాలన్న పట్టుదల ఏ ప్రభుత్వంలోనూ కనబడదు. నికోటిన్ ప్రత్యామ్నాయాలు 2022లోనే జాతీయ అత్యవసర మందుల జాబితాలో చేరాయి మరి!

ఈసారి డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు ‘మానేయాలనుంది, మందు రాయండి’ అని నోరు తెరిచి అడగండి. వెళ్లే వీలు లేకపోతే పొగాకు మాన్పించే ప్రభుత్వ హెల్ప్‌లైన్ 1800-11-2356కు ఫోన్ చేయండి. ఖర్చు లేదు, తెలుగులోనూ మాట్లాడతారు.