పారిశ్రామిక విద్యుత్ మోటార్ల రక్షణ, నిర్వహణ: సాధారణ, ప్రమాదకర ప్రాంతాలలో పాటించవలసిన జాగ్రత్తలు

పరిశ్రమలో కదలిక ఉన్న ప్రతిచోటా విద్యుత్ మోటారు ఉంటుంది. బియ్యం మిల్లులు, పత్తి జిన్నింగ్ మిల్లులు, సిమెంటు కర్మాగారాలు, ఔషధ పరిశ్రమలు, విశాఖపట్నంలోని చమురు శుద్ధి కర్మాగారం, సింగరేణి బొగ్గు గనులు - వీటన్నిటిలోనూ పంపులను, ఫ్యాన్లను, కంప్రెసర్లను, కన్వేయర్లను నడిపేది మోటారే. ప్రపంచంలో వినియోగమవుతున్న విద్యుత్తులో 40 శాతానికి పైగా మోటార్ల ద్వారానే ఖర్చవుతున్నదని అంచనా. ఇంత విస్తృతంగా ఉపయోగపడుతున్న ఈ యంత్రంపై శ్రద్ధ మాత్రం సాధారణంగా అది కాలిపోయిన తరువాతనే కలుగుతున్నది.

సాధారణ ప్రాంతంలో నిర్లక్ష్యానికి గురైన మోటారు కాలిపోతే నష్టం చాలావరకు ఒక వైండింగుకు, కొన్ని గంటల ఉత్పత్తికి పరిమితమవుతుంది. మండే వాయువులు, ద్రావకాల ఆవిరులు, ధూళి ఉన్నచోట అదే నిర్లక్ష్యం ప్రాణనష్టానికి దారితీయగలదు. ధ్రువీకరణ పొందిన మోటారును కొనుగోలు చేసినంత మాత్రాన రక్షణ సమకూరదు. దానిని అమర్చిన తీరు, తనిఖీ చేసిన తీరు, మరమ్మతు చేసిన తీరు కూడా ఆ రక్షణలో భాగమే.

మోటారు ఎందుకు కాలిపోతుంది?

మోటారుకు ప్రధాన శత్రువు వేడి. వైండింగు తీగలపై ఉండే ఇన్సులేషన్ ఒక హద్దు వరకే వేడిని తట్టుకోగలదు. ఈ హద్దు బి తరగతి ఇన్సులేషన్‌కు 130, ఎఫ్ తరగతికి 155, హెచ్ తరగతికి 180 డిగ్రీల సెల్సియస్. హద్దును మించి ప్రతి 10 డిగ్రీలకు ఇన్సులేషన్ ఆయుర్దాయం సుమారు సగానికి తగ్గిపోతుందన్నది ఇంజనీర్లు చిరకాలంగా పాటిస్తున్న సూత్రం.

వేడి పెరగడానికి కారణాలు అనేకం. సామర్థ్యానికి మించిన భారం మోపడం అందులో మొదటిది. నేరుగా లైనుకు కలిపి నడిపే మోటారు, బయలుదేరే సమయంలో సాధారణ కరెంటుకు 6 నుండి 7 రెట్లు తీసుకుంటుంది కనుక, పదేపదే ఆపి నడపడం కూడా హానికరమే. మూడు ఫేజుల వోల్టేజీలలో సమతుల్యత లోపిస్తే ప్రమాదం మరింత నిశ్శబ్దంగా వస్తుంది. వోల్టేజీలో కేవలం 3.5 శాతం అసమతుల్యత ఉన్నా వైండింగులో ఉష్ణోగ్రత పెరుగుదల దాదాపు 25 శాతం అధికమవుతుంది. ఒక ఫేజు పూర్తిగా పోయిన స్థితిలో మోటారు నడుస్తూనే ఉంటే మిగిలిన ఫేజులలో కరెంటు సుమారు 1.73 రెట్లకు చేరుతుంది. రక్షణ పరికరం లేకపోతే వైండింగు కొద్ది సేపటిలోనే మాడిపోతుంది.

మరొక విషయం ప్రత్యేకంగా గమనించదగినది. ప్రామాణిక మోటార్లను 40 డిగ్రీల పరిసర ఉష్ణోగ్రతకు రూపొందిస్తారు. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో అనేక ప్రాంతాలలో వేసవి ఉష్ణోగ్రత 45 డిగ్రీలకు చేరడం కొత్త కాదు. పైకప్పు రేకుల కింద, బాయిలర్ల సమీపంలో ఇది ఇంకా ఎక్కువ. అట్టిచోట నేమ్‌ప్లేటుపై సూచించిన పూర్తి భారాన్ని మోటారుపై మోపరాదు. లేదా అధిక ఉష్ణోగ్రతకు తగిన మోటారునే ఎంపిక చేసుకోవాలి.

సాధారణ ప్రాంతాలలో రక్షణ

ఫ్యూజు, ఓవర్‌లోడ్ రిలే - ఈ రెండింటి విధులు వేర్వేరు. షార్ట్ సర్క్యూట్ ఏర్పడినప్పుడు తక్షణం విద్యుత్తును తెంచేది ఫ్యూజు లేదా సర్క్యూట్ బ్రేకరు. భారం ఎక్కువై మోటారు క్రమంగా వేడెక్కుతున్నప్పుడు ఆపేది రిలే. ఒకటి ఉన్నది కదా అని రెండవదానిని విస్మరించరాదు. రిలేను నేమ్‌ప్లేటుపై ఉన్న కరెంటు విలువకు అనుగుణంగా అమర్చాలి. రిలే తరచుగా ట్రిప్ అవుతుంటే కారణం వెదకకుండా సెట్టింగు పెంచడం అనేక చోట్ల కనిపించే అలవాటు. ఇది జ్వరం తగ్గించకుండా థర్మామీటరును పక్కన పడవేయడం వంటిది.

సింగిల్ ఫేజింగ్ నివారణ పరికరం, వైండింగులోనే అమర్చే థర్మిస్టర్లు, సక్రమమైన ఎర్తింగ్ అదనపు భద్రతనిస్తాయి. మోటారు బాడీలోకి ధూళి, నీరు చేరకుండా ఏ మేరకు రక్షణ ఉన్నదో ఐపీ సంఖ్య తెలియజేస్తుంది. ఐపీ 55 అంటే హాని కలిగించే మోతాదులో ధూళి లోపలికి పోదనీ, ఏ దిశ నుండైనా నీటి ధార తాకినా నష్టం ఉండదనీ అర్థం. కోస్తా ప్రాంతంలో తేమ, ఉప్పుగాలి ఎక్కువ కనుక చాలా రోజులు నిలిపి ఉంచే మోటార్లలో తేమ పేరుకోకుండా స్పేస్ హీటర్లను పనిచేయించడం అవసరం.

నిత్య నిర్వహణ

నిర్వహణకు ఖరీదైన పరికరాలే ఉండాలన్న నియమం లేదు. బాడీపై రెక్కల మధ్య పేరుకున్న దుమ్మును తొలగించడం, ఫ్యాన్ కవరులో గాలి మార్గం మూసుకుపోకుండా చూడడం, అసాధారణ శబ్దాన్ని, కంపనాన్ని గుర్తించడం, మూడు ఫేజుల కరెంటును నమోదు చేయడం క్రమం తప్పకుండా జరగాలి. షాఫ్టుల అమరిక, బెల్టుల బిగువు సరిగా లేకపోతే ఆ భారమంతా బేరింగులపై పడుతుంది. గ్రీజు విషయంలో తక్కువ వేయడం ఎంత తప్పో ఎక్కువ వేయడమూ అంతే తప్పు. ఎక్కువైన గ్రీజు బేరింగులోనే చిలకబడి వేడిని పుట్టిస్తుంది. వేర్వేరు రకాల గ్రీజులను కలపరాదు.

ఇన్సులేషన్ నిరోధాన్ని మెగ్గర్‌తో నిర్ణీత కాలవ్యవధిలో పరీక్షించి ఫలితాలను రిజిస్టరులో నమోదు చేయాలి. 1,000 వోల్టుల లోపు సాధారణ మోటార్లకు 40 డిగ్రీల వద్ద కనీసం 5 మెగోమ్‌లు ఉండాలన్నది అంతర్జాతీయంగా అనుసరిస్తున్న ప్రమాణం. ఒక్కనాటి అంకె కన్నా కొన్ని నెలలుగా ఆ అంకె పడిపోతున్న తీరు ఎక్కువ సమాచారం ఇస్తుంది. కాలిన మోటారును తిరిగి చుట్టించేటప్పుడు పాత వైండింగును బహిరంగ మంటలో కాల్చి తీయడం వల్ల ఇనుప కోర్ దెబ్బతిని, ఆ తరువాత ఆ మోటారు అదే పనికి ఎక్కువ విద్యుత్తును ఖర్చు చేస్తుంది. ఉష్ణోగ్రతను నియంత్రించగల ఓవెన్‌లోనే ఈ పని చేయించాలి.

ప్రమాదకర ప్రాంతాల వర్గీకరణ

2024 ఆగస్టు 21న అనకాపల్లి జిల్లా అచ్యుతాపురంలోని ఒక ఔషధ కర్మాగారంలో ద్రావకం లీకై, దాని ఆవిరి వ్యాపించి సంభవించిన పేలుడులో 17 మంది మరణించారు. ఆ దుర్ఘటనకు మోటారే కారణమని చెప్పడం ఇక్కడ ఉద్దేశం కాదు. ఆవిరి వ్యాపించిన తరువాత సమీపంలోని ప్రతి విద్యుత్ పరికరమూ నిప్పురవ్వ కాగలదన్న వాస్తవాన్ని అట్టి ఘటనలు గుర్తు చేస్తాయి.

భారత ప్రమాణం ఐఎస్ 5572 ప్రకారం మండే వాయువులు ఉండే ప్రాంతాలను మూడు జోన్లుగా విభజిస్తారు. పేలుడు స్వభావం గల మిశ్రమం నిరంతరంగా లేదా దీర్ఘకాలం ఉండేది జోన్ 0. సాధారణ పనితీరులోనే అప్పుడప్పుడు ఏర్పడే అవకాశం ఉన్నది జోన్ 1. అరుదుగా, కొద్ది సేపు మాత్రమే ఏర్పడేది జోన్ 2.

జోన్ ఒక్కటే తెలిస్తే చాలదు. వాయువు గ్రూపు, ఉష్ణోగ్రత తరగతి కూడా తెలియాలి. ప్రొపేన్ వంటివి ఐఐఏ, ఇథిలీన్ వంటివి ఐఐబీ, హైడ్రోజన్, ఎసిటిలీన్ ఐఐసీ గ్రూపుకు చెందుతాయి. గనులలోని మీథేన్‌కు ప్రత్యేకంగా గ్రూప్ 1 ఉన్నది. పరికరం వేడెక్కగల గరిష్ఠ ఉష్ణోగ్రతను టి1 నుండి టి6 వరకు తరగతులు సూచిస్తాయి. టి1 అంటే 450 డిగ్రీలు, టి3 అంటే 200, టి4 అంటే 135, టి6 అంటే 85 డిగ్రీలు. హైడ్రోజన్ అతి స్వల్పమైన నిప్పురవ్వకే అంటుకుంటుంది. కానీ వేడి ఉపరితలం వల్ల అంటుకోవడానికి 500 డిగ్రీలకు పైగా కావాలి. డైఇథైల్ ఈథర్ 200 డిగ్రీల లోపే అంటుకుంటుంది. అందువల్ల హైడ్రోజన్‌కు సరిపోయే ఐఐసీ టి1 మోటారు ఈథర్ ఉన్నచోట పనికిరాదు. మోటారుపై ధ్రువీకరణ గుర్తు ఉన్నదన్న ఒక్క సమాధానంతో అధికారులు సంతృప్తి చెందరాదు. పైగా, నేమ్‌ప్లేటుపై వేరుగా సూచించకపోతే ఈ ధ్రువీకరణ 40 డిగ్రీల పరిసర ఉష్ణోగ్రత వరకే వర్తిస్తుంది. మన వేసవిలో ఈ అంశం కీలకమైనది.

రక్షణ విధానాలు

ఫ్లేమ్‌ప్రూఫ్ మోటారులోకి వాయువు ప్రవేశించదన్నది ఒక అపోహ. మోటారు వేడెక్కి చల్లారే ప్రతిసారీ బయటి గాలిని పీల్చుకుంటుంది. లోపల పేలుడు సంభవించినా బాడీ ఆ ఒత్తిడిని తట్టుకోవడం, భాగాలు కలిసే చోట ఉండే సన్నని, పొడవైన సందులో ప్రయాణించేటప్పుడు మంట చల్లారిపోయి బయటి వాయువును అంటించలేకపోవడం ఈ విధానంలోని మూలసూత్రం. కాబట్టి ఆ అంచులే మోటారుకు ప్రాణం. వాటిపై గీతలు పడినా, తుప్పు పట్టినా, రంగు పూసినా, తయారీదారు సూచించని గాస్కెట్ పెట్టినా రక్షణ పోతుంది. ఒక్క బోల్టు లోపించినా, టెర్మినల్ బాక్సులో వాడని కేబుల్ రంధ్రాన్ని ధ్రువీకృత ప్లగ్గుతో మూయకపోయినా అది ఇక ఫ్లేమ్‌ప్రూఫ్ మోటారు కాదు.

ఇంక్రీజ్డ్ సేఫ్టీ రకం మోటార్లలో అసలు నిప్పురవ్వ గాని, మితిమీరిన వేడి గాని పుట్టకుండా నిర్మాణంలోనే జాగ్రత్త తీసుకుంటారు. రోటార్ కదలక నిలిచిపోతే ఎన్ని సెకన్లలో హద్దు ఉష్ణోగ్రతకు చేరుతుందో నేమ్‌ప్లేటుపై ఉంటుంది. ఓవర్‌లోడ్ రిలే ఆ సమయం లోపలే ట్రిప్ కావాలి. అంటే ఇక్కడ రిలే కేవలం మోటారును కాపాడే పరికరం కాదు, పేలుడును నివారించే పరికరం. పెద్ద మోటార్ల బాడీలో స్వచ్ఛమైన గాలిని ఒత్తిడితో నింపి వాయువును రానీయకుండా చేసే మూడవ విధానం కూడా ఉన్నది. వేగాన్ని మార్చే డ్రైవ్‌తో మోటారును నడపదలిస్తే ఆ వినియోగానికి కూడా ధ్రువీకరణ ఉండాలి. వేగం తగ్గినప్పుడు ఫ్యాన్ వేగమూ తగ్గి మోటారు అధికంగా వేడెక్కడమే ఇందుకు ప్రధాన కారణం.

భూగర్భ బొగ్గు గనులలో గాలిలో మీథేన్ 5 నుండి 15 శాతం వరకు ఉంటే పేలుడు సంభవించగలదు. అందుకే 1.25 శాతం దాటిన వెంటనే విద్యుత్ సరఫరాను నిలిపివేయాలని నిబంధన ఉన్నది. పరికరం ఎంత పటిష్ఠమైనదైనా దాని మీదనే ఆధారపడరాదన్నది ఈ నిబంధన సారాంశం.

ధూళి కూడా ఇంధనమే

పిండి, పంచదార, ఔషధాల పొడి, బొగ్గు ధూళి గాలిలో లేచినప్పుడు పేలగలవు. ఇట్టి ప్రాంతాలు జోన్ 20, 21, 22గా వర్గీకృతమయ్యాయి. 2008 ఫిబ్రవరి 7న అమెరికాలోని జార్జియా రాష్ట్రం పోర్ట్ వెంట్‌వర్త్ పట్టణంలోని పంచదార శుద్ధి కర్మాగారంలో సంభవించిన ధూళి పేలుడు 14 మంది ప్రాణాలను బలిగొన్నది. అంతకు ముందు సంవత్సరమే అక్కడి కన్వేయరును రేకులతో మూసివేయడంతో దాని లోపల ధూళి పేరుకున్నదని, వేడెక్కిన బేరింగు మొదటి పేలుడుకు కారణమై ఉండవచ్చునని ఆ దేశ రసాయన భద్రతా దర్యాప్తు మండలి నిర్ధారించింది. బేరింగుల సంరక్షణ, ధూళిని ఎప్పటికప్పుడు తొలగించడం చిన్న పనులుగా కనిపించినా, ప్రాణాలు వాటిపైనే ఆధారపడి ఉంటాయి. మోటారుపై ధూళి పొర మందమైన కొద్దీ వేడి బయటకు పోక, ధూళే అంటుకునే స్థితి వస్తుంది. 5 మిల్లీమీటర్ల ధూళి పొర అంటుకునే ఉష్ణోగ్రత కన్నా మోటారు ఉపరితల ఉష్ణోగ్రత కనీసం 75 డిగ్రీలు తక్కువగా ఉండాలి.

తనిఖీ, మరమ్మతు, నిబంధనలు

ప్రమాదకర ప్రాంతాలలోని పరికరాల తనిఖీని ఐఎస్/ఐఈసీ 60079-17, మరమ్మతును 60079-19 ప్రమాణాలు నిర్దేశిస్తున్నాయి. నిపుణుల సలహా లేకుండా రెండు తనిఖీల మధ్య వ్యవధి 3 సంవత్సరాలు మించరాదు. పెట్రోలియం సంబంధిత ప్రాంతాలలో విద్యుత్ పరికరాలకు నాగపూర్ కేంద్రంగా గల పెట్రోలియం, పేలుడు పదార్థాల భద్రతా సంస్థ, గనులలో ధన్‌బాద్ కేంద్రంగా గల గనుల భద్రతా డైరెక్టరేట్ జనరల్ ఆమోదం అవసరం. విద్యుత్ భద్రతకు కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2023 నిబంధనలు వర్తిస్తాయి. ఫ్లేమ్‌ప్రూఫ్ మోటారును సాధారణ వర్క్‌షాపులో విప్పి, అంచులను గీకి, దొరికిన బోల్టులతో బిగిస్తే దాని ధ్రువపత్రం కాగితంగా మాత్రమే మిగులుతుంది.

ప్రమాదానంతరం అడగవలసిన ప్రశ్నలు

అగ్ని ప్రమాదం జరిగిన ప్రతిసారీ 'షార్ట్ సర్క్యూట్' అన్న ఒక్క మాటతో విచారణ ముగిసినట్లు భావించడం పరిపాటి అయినది. షార్ట్ సర్క్యూట్ ఫలితమే తప్ప మూల కారణం కాదు. ఆ ప్రాంతాన్ని ఏ జోన్‌గా వర్గీకరించారు, ఆ పటం చివరిసారి ఎప్పుడు సవరించారు? మోటారు గ్రూపు, ఉష్ణోగ్రత తరగతి అక్కడి ద్రావకానికి సరిపోతాయా? రిలేను ఏ విలువకు అమర్చారు? చివరి తనిఖీ ఎప్పుడు, ఎవరు చేశారు? మోటారును ఎక్కడ మరమ్మతు చేయించారు, రికార్డు ఉన్నదా? ఈ ప్రశ్నలకు సమాధానాలు ప్రమాదం జరగక ముందే ఫైలులో ఉండాలి. తనిఖీ అధికారులు వాటిని ముందుగా అడగడం, పాత్రికేయులు వాటిని ప్రజల ముందు ఉంచడం ద్వారా కార్మికుల ప్రాణరక్షణకు ఎంతగానో తోడ్పడగలరు.