కొలువు పోయిన జవాను ఏ కోర్టు మెట్లెక్కాలి?

మిలటరీలోనో, సి.ఆర్.పి.ఎఫ్.లోనో పనిచేసే కుర్రవాడిని క్రమశిక్షణ చర్య కింద డిస్మిస్ చేస్తే ఇంటిల్లిపాదీ దిగాలు పడిపోతారు. "ఢిల్లీ పోయి పోరాడే స్తోమత మనకెక్కడిది?" అని చేతులు ముడుచుకుంటారు. ఒకప్పుడు ఆ మాట నిజమే. ఇప్పుడు కాదు.

1954లో జమ్మూ కాశ్మీరుకు చెందిన ఒక లెఫ్టినెంట్ కల్నల్‌ను గడువుకు ముందే రిటైరు చేశారు. ఆయన తమ రాష్ట్ర హైకోర్టుకెక్కారు. కేంద్ర ప్రభుత్వం ఉండేది ఢిల్లీలో కనుక దానిపై రిట్ జారీ చేసే అధికారం ఆ హైకోర్టుకు లేదని 1960 డిసెంబరులో సుప్రీంకోర్టు మెజారిటీ తీర్పు చెప్పింది. ఆ తీర్పుతో విభేదించిన న్యాయమూర్తి తెలుగువారే. రాజమండ్రిలో పుట్టి, ఆంధ్ర హైకోర్టుకు తొలి ప్రధాన న్యాయమూర్తిగా పనిచేసిన కోకా సుబ్బారావు.

ఈ ఇబ్బంది తొలగించడానికి 1963లో రాజ్యాంగాన్ని 15వ సారి సవరించారు. వివాదానికి కారణం పూర్తిగా గాని, కొంత గాని ఎక్కడ తలెత్తితే అక్కడి హైకోర్టు కూడా కేసు విచారించవచ్చు.

ఎవరికి ఏ కోర్టు?

సైన్యం, నౌకాదళం, వైమానికదళం వారి సర్వీసు వివాదాలు విచారించేందుకు 2009 నుంచి సాయుధ దళాల ట్రిబ్యునల్ పనిచేస్తోంది. తెలుగువారికి దగ్గరిది చెన్నై బెంచి. ఉద్యోగం పోయినవారు తాము నివసించే ప్రాంతానికి చెందిన బెంచిలోనే దరఖాస్తు పెట్టుకోవచ్చు. తుది ఉత్తర్వు వచ్చిన ఆరు నెలల లోపు వేయాలి. సెలవు, బదిలీ తగాదాలు దీని పరిధిలోకి రావు. ట్రిబ్యునల్ తీర్పుపై హైకోర్టులో రిట్ వేయవచ్చునని 2023లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

సి.ఆర్.పి.ఎఫ్., బి.ఎస్.ఎఫ్., సి.ఐ.ఎస్.ఎఫ్. జవాన్లకు ఈ ట్రిబ్యునల్ వర్తించదు. కేంద్ర ఉద్యోగుల పరిపాలనా ట్రిబ్యునల్ కూడా వర్తించదు. ముందు శాఖలోనే పై అధికారికి అప్పీలు చేసుకోవాలి. సి.ఆర్.పి.ఎఫ్.లో దానికి గడువు 30 రోజులు. అక్కడ న్యాయం జరగకపోతే హైకోర్టే దిక్కు.

కాగితాలు జాగ్రత్త

అయితే ఒక మెలిక ఉంది. విచారణ, ఉత్తర్వు అన్నీ వేరే రాష్ట్రంలోనే జరిగి, కాగితం మాత్రం ఇంటికి పోస్టులో వచ్చిందనుకోండి. అంతమాత్రాన ఇక్కడి హైకోర్టు కేసు తీసుకుంటుందని గట్టిగా చెప్పలేము. వివాదంలో ఏ భాగం ఇక్కడ జరిగిందో లాయరు చూపించగలగాలి. అలా చూపించలేకపోతే, ఏళ్ళ తరువాత "ఇది మా పరిధి కాదు" అనిపించుకుని కేసు మళ్ళీ మొదటికి రావచ్చు. ఈలోగా జీతమూ ఉండదు, పింఛనూ ఉండదు.

అందుకే ఛార్జిషీటు, విచారణ నివేదిక, డిస్మిస్ ఉత్తర్వు, అప్పీలు నకలు, రిజిస్టరు పోస్టు రసీదులు, ఉత్తర్వు వచ్చిన కవరుతో సహా భద్రపరచాలి. తారీకు వేసిన పోస్టాఫీసు ముద్ర ఒక్కటే ఒక్కోసారి గడువును నిలబెడుతుంది.