పాట బరాతెక్కాలంటే

2021 ఏప్రిల్‌లో యూట్యూబ్‌లోకి వచ్చిన ‘బుల్లెట్టు బండి’ పాటను లక్ష్మణ్ రాశారు, ఎస్.కె. బాజీ బాణీ కట్టారు, మోహన భోగరాజు పాడారు. దాన్ని ఇంటింటికీ చేర్చింది మాత్రం మంచిర్యాల జిల్లాలోని ఒక పెళ్లికూతురు. ఆ ఆగస్టులో ఆమె బరాత్‌లో పెళ్లికొడుకు ముందు ఈ పాటకు స్టెప్పులేసింది. ఆ వీడియో ఫోన్లన్నీ చుట్టేసింది. ఆ తర్వాత కొన్నాళ్లపాటు ఏ పెళ్లి చూసినా అదే పాట.

మోహన అప్పటికే ‘బాహుబలి’లో ‘మనోహరి’ పాడిన గాయని కాబట్టి ఇది పూర్తిగా అనామకుల కథేమీ కాదు. అయినా సొంతంగా పాటలు చేసుకునేవాళ్లు గమనించాల్సిన సంగతి ఇందులో ఉంది. “నా పాట వినండి, షేర్ చేయండి” అని రోజూ బతిమాలితే వినేది బంధువులే. జనానికి తమ వీడియో కింద వేసుకోవడానికి ఒక పాట కావాలి. సీమంతమో, కొత్త ట్రాక్టరో, నాట్లు వేసే రోజో, అన్నాచెల్లెళ్ల అలకో. మీ పాట వీటిలో దేనికి పనికొస్తుందో మీకే తెలియకపోతే ప్రచారానికి ఎంత ఖర్చు పెట్టినా దండగే.

జనం అలాంటి వీడియోలు పెట్టే చోటు మారింది: 2020 జూన్ 29న టిక్‌టాక్‌ను నిషేధించారు. జులైలో ఇన్‌స్టాగ్రామ్ రీల్స్, సెప్టెంబరులో యూట్యూబ్ షార్ట్స్ మన దేశంలో మొదలయ్యాయి. పాటను వీటిలోకి చేర్చేటప్పుడే చాలామంది చిన్న పొరపాటు చేస్తారు. పాటను తమ ఖాతాలో ఉత్త వీడియోగా పెట్టేస్తారు. అది ‘ఒరిజినల్ ఆడియో’గా పడి ఉంటుంది, పాట పేరు కొట్టి వెతికేవాడికి దొరకడం కష్టం. పాటలను ఇలాంటి వేదికలకు చేర్చే డిస్ట్రోకిడ్, ట్యూన్‌కోర్ లాంటి డిస్ట్రిబ్యూటర్ ద్వారా పంపితే పేరుతో సహా ఇన్‌స్టా పాటల జాబితాలో చేరుతుంది. అక్కడ నింపే ఫారంలో, చిన్న క్లిప్ పాటలో ఏ సెకను దగ్గర మొదలవ్వాలో అడిగే గడి ఒకటి ఉండొచ్చు. దాన్ని ఖాళీగా వదిలేస్తే, రీల్ చేయబోయే అమ్మాయికి ముందుగా వినబడేది మీ పల్లవి కాక, ఉపోద్ఘాతంలోని కీబోర్డు మోత కావచ్చు. ఆమె వేలు వెంటనే ఇంకో పాట మీదికి పోతుంది.

పేరు సంగతీ అంతే. మనవాళ్లు తెలుగు పాటను ఇంగ్లిషు అక్షరాల్లో కొట్టి వెతుకుతారు, అదీ తలో స్పెల్లింగుతో. ఒక స్పెల్లింగు ఖాయం చేసుకుని అన్నిచోట్లా అదే వాడండి. యూట్యూబ్ శీర్షికలో తెలుగు లిపిలోనూ రాయండి.

డబ్బు విషయంలో ఆశలు తగ్గించుకోవడం మంచిది. యూట్యూబ్ ప్రకటనల్లో వాటా కావాలంటే 1,000 మంది సబ్‌స్క్రైబర్లతో పాటు ఏడాదిలో 4,000 గంటల వీక్షణ గానీ, 90 రోజుల్లో కోటి షార్ట్స్ వ్యూస్ గానీ ఉండాలి. స్పాటిఫైలో 2024 నుంచి, 12 నెలల్లో 1,000 స్ట్రీమ్స్ దాటని పాటకు పైసా రాదు. అలాగని వ్యూస్ కొనకండి. దొంగ స్ట్రీమ్స్ దొరికితే పాటనే తీసేయొచ్చు.

నెట్‌లో బీటు, అంటే ముందే తయారుచేసి అమ్మే సంగీతం, కొని పాట చేసేవాళ్లు మరీ జాగ్రత్తగా ఉండాలి. అమెరికాలో లిల్ నాస్ ఎక్స్ 30 డాలర్లకు బీటు కొని చేసిన ‘ఓల్డ్ టౌన్ రోడ్’ టిక్‌టాక్‌లో అంటుకుని, 2019లో బిల్‌బోర్డ్ పట్టికలో 19 వారాలు మొదటి స్థానంలో నిలిచింది. తీరా చూస్తే ఆ బీటులో నైన్ ఇంచ్ నెయిల్స్ బృందం సంగీతపు ముక్క ఉంది, వాళ్లకూ వాటా ఇవ్వాల్సి వచ్చింది. పైగా నలుగురికీ అమ్మిన బీటు మీద యూట్యూబ్‌లో హక్కుదారులను గుర్తించే కంటెంట్ ఐడీలో మీరు హక్కు చెప్పుకోలేరు.

అందుకే విడుదలకు ముందే రాసినవారు, బాణీ కట్టినవారు, పాడినవారు కూర్చుని ఎవరి వాటా ఎంతో కాగితం మీద పెట్టుకోండి. స్నేహితులే కదా అని వదిలేస్తే, పాట ఆడాకే గొడవలు మొదలవుతాయి. రచయిత, స్వరకర్త తమ హక్కుల సంస్థ ఐపీఆర్‌ఎస్‌లో సభ్యత్వం కూడా తీసుకోవాలి. పాటల రాయల్టీని ఆ సంస్థ పంచేది సభ్యులకే.