చౌక వాల్వు ఆంప్లిఫయరు కొనదగినదేనా?

గాజుబుడ్డిలో ఎఱ్ఱని నిప్పుకణమువలె వెలుగు వాల్వు మన యిండ్లను విడిచి అర్ధశతాబ్దము దాటినది. అమ్మమ్మగారి యింట గూటిలో కొలువుతీరి, మీట త్రిప్పిన అరనిమిషమునకు గాని నోరు విప్పని రేడియోపెట్టెకు ప్రాణము అదియే. 1938లో మద్రాసు రేడియో కేంద్రమును, 1948లో విజయవాడ కేంద్రమును పలుకనారంభించిన నాడు తెలుగువారు వానిని వినినది ఆ వాల్వు పెట్టెలలోనే. 1947లో అమెరికా యందలి బెల్ ప్రయోగశాలలో ట్రాన్సిస్టరు పుట్టెను. అది వేడెక్కదు, పగులదు, తక్కువ విద్యుత్తుతో తృప్తిపడును. పెద్దకోడలు వచ్చిన యింట వెనుకటి దాసివలె వాల్వు మెల్లగా తప్పుకొన్నది.

ఇప్పుడది మరల వచ్చినది. గూటిలోనికి గాదు, అఱచేతిలో నిముడు చిన్నపెట్టె మీదికి, హెడ్‌ఫోనులకు తోడుగా. దీనిని అమ్మువారు నాదము వెచ్చనగుననియు, కంఠము తేనెలొలుకుననియు చెప్పుచున్నారు. ఇది పురుషుల వేడుకవస్తువు, మనకేల యని సోదరీమణులు పుట త్రిప్పవలదు. ఇంటిల్లిపాదికి వడ్డించి, వంటింట దీపమార్పి, పిల్లలు నిదురించిన పిమ్మట గృహిణికి మిగులునది ఒక గంట. ఆ గంటలో ఒక కీర్తన వినవలెనన్న పెట్టె మ్రోగింపరాదు. చెవులకు తగిలించుకొనుటయే గతి. కావున హెడ్‌ఫోనులు ఇంటిలో మఱి యెవ్వరికన్నను ఆమెకే యక్కఱ. దానికై వెచ్చించు పైకమును ఆమె యింటిఖర్చులో నుండి మిగిల్చినదే యగును. మేము పరీక్షించిన ఆంప్లిఫయరు వెల తపాలా కూలితో 5,800 రూపాయలు. బడిపంతులు జీతముమీద నడచు సంసారమున ఇది చిన్న మొత్తము గాదు. ఇంత పెట్టినందుకు చెవికి ముట్టునదేమో తేల్చుకొనవలెనని నెలదినములు దానిని మా యింట నుంచుకొని వింటిమి. మావారి పాఠశాలలో సంగీతము చెప్పు మిత్రులొకరు తమ 250 ఓముల హెడ్‌ఫోనులను ఎరువిచ్చిరి. మా యింట నున్నవి సాధారణమైన 32 ఓములవి.

వాల్వు పని తెలిసికొనుట కష్టము గాదు. గాలి తీసివేసిన గాజుగొట్టములో ఒక లోహపుముక్క కాగినప్పుడు దానినుండి ఎలక్ట్రానులు వెలువడి యెదుటి రేకువైపు పరుగిడును. 1904లో ఇంగ్లండున ఫ్లెమింగు పండితుడు ఈ రెంటితో మొదటి వాల్వును చేసెను. 1906లో అమెరికాలో లీ డి ఫారెస్టు ఆ రెంటినడుమ సన్నని తీగజాలిని చేర్చెను. కాలువకు తూముతలుపెట్టిదో ఎలక్ట్రానుల ప్రవాహమునకు ఈ జాలి యట్టిది. జాలికి తగులు అల్పమైన విద్యుత్తు ఆ ప్రవాహమును హెచ్చించుచు తగ్గించుచు నుండును. అందుచే ఫోనునుండి వచ్చు సన్నని సంకేతము బలిసి వెలుపలికి వచ్చును. మేము చూచిన పెట్టెమీద నున్నది 12ఏయూ7 అను వాల్వు. ఒకే గాజులో అట్టివి రెండు కూర్పబడియున్నవి. ఎడమచెవి కొకటి, కుడిచెవి కొకటి.

అసలు కథ ఇక్కడ నున్నది. ఈ వాల్వు పుట్టినది 100 మొదలు 250 వోల్టులవఱకు తిని పనిచేయుటకు. చౌకపెట్టెకు అడాప్టరు ఇచ్చునది 24 వోల్టులే. కుంచెడు తినువానికి పిడికెడు పెట్టినట్లు. వాల్వు పలుకును గాని హెడ్‌ఫోనును కదల్చు సత్తువ దానికి చాలదు. ఆ సత్తువ నిచ్చునవి పెట్టెలోపల కంటికి కానరాని ట్రాన్సిస్టరులు. పల్లకిలో కూర్చున్నది వాల్వు, మోయు బోయీలు ట్రాన్సిస్టరులు! ఈ కూర్పునకు హైబ్రిడ్ అని పేరు. ఆ మాట చెప్పియే అమ్మువారును గలరు గనుక దీనిని మోసమనరాదు. పైగా ఇందొక మేలున్నది. పాతరేడియోలో వలె ప్రాణము తీయు విద్యుత్తు ఈ పెట్టెలో నుండదు. అడాప్టరు మాత్రము 230 వోల్టుల గోడసాకెట్టునకు తగిలించునదే గనుక బి.ఐ.ఎస్. ముద్ర లేనిదానిని ఇంట రానీయకుడు.

మోసము వేఱొకచోట గలదు. కొన్ని పెట్టెలలో వాల్వుక్రింద రంధ్రము చేసి చిన్న ఎల్‌.ఇ.డి. దీపము నమర్తురు. గాజంతయు నీలముగనో నారింజరంగుతోనో ధగధగ మెఱయును. చూచువారు వాల్వు ఎంత ప్రజ్వరిల్లుచున్నదో యనుకొందురు. నిజమైన వాల్వు వెలుగు కుంపటిలో బూడిద కప్పిన బొగ్గుతునకవంటిది. మసకగా, ఎఱ్ఱగా, లోపలి రేకులసందున నుండి మాత్రమే కనబడును. మీట వేసిన కొన్ని సెకండులకు గాని రాదు, ఆర్పినను మెల్లగా చల్లాఱును. నీలపువెలుగు కనబడినచో అది అలంకారమని యెఱుగుడు. మేము చూచినదానికి ఆ దీపము గలదు. ఆర్పుటకు మీట లేదు. చీకటిగదిలో అది కండ్లలో పొడుచుచుండుటచే నల్లకాగితపు ముక్క యంటించితిమి.

ఇక వినికిడి. రెండు యంత్రములను పోల్చునప్పుడు ఒకటి రవంత బిగ్గరగా నున్నను చెవి దానినే మేలనును. అందుచే మఱియొక ఫోనులో ధ్వనికొలుచు యాప్ ఉంచి, హెడ్‌ఫోను గిన్నెకు దానిని ఆనించి, రెంటి బిగ్గరను సమముచేసితిమి. ఒకవైపు వాల్వు ఆంప్లిఫయరు. వేఱొకవైపు ఫోనునకు నేరుగా తగిలించు చిన్న కన్వర్టరు, డాంగిల్ అందురే, అది. దాని వెల వేయి రూపాయల చుట్టుపట్ల. ద్వారం వేంకటస్వామినాయుడుగారి ఫిడేలు, ఈమని శంకరశాస్త్రిగారి వీణ, మంగళంపల్లి బాలమురళీకృష్ణగారి గాత్రము, ఈ మూడింటిని పెట్టుకొంటిమి. కన్నులు తెఱచి వినినప్పుడు ఇంట నందఱును వాల్వే తీయగానున్నదనిరి. పిమ్మట కన్నులకు తువ్వాలు కట్టుకొని కూర్చుంటిమి. మావారు రూపాయి ఎగురవేసి, బొమ్మ పడిన నొకటి, బొరుసు పడిన వేఱొకటి తగిలించిరి. 250 ఓముల హెడ్‌ఫోనులతో పదిమాఱులలో మేము 6 మాఱులు, మా ఆడపడుచు 5 మాఱులు సరిగా చెప్పితిమి. ఏమియు వినక ఊరక నోటికి వచ్చినది చెప్పినను 6 గాని అంతకు మించి గాని సరిపోవుట నూటికి 38 పర్యాయములు జరుగునని మావారు లెక్కవేసి చూపిరి. అనగా మాకు తేడా తెలియలేదు.

32 ఓములవానితో తేడా వెంటనే తెలిసినది. అయితే అది పొగడదగిన తేడా గాదు. పాట నిలిచిన చోట వాల్వుపెట్టెనుండి సన్నని బుస వినవచ్చెను. వీణ మీటుకు మీటుకు నడుమ నుండు నిశ్శబ్దములో నది తెలియుచునే యుండెను.

వాల్వు నాదమును మార్చుననుట అబద్ధము గాదు. షడ్జమము నొకదానిని లోనికి పంపినచో దానితో రవంత తారస్థాయి షడ్జమమును కలిపి బయటికి పంపును. రెండవ హార్మోనిక్ అని దీనికి పేరు. మూడవది ఆ పైస్థాయి పంచమము. తంబుర తీగ తనంత తాను పలుకునవియు నివియే. అందుచే చెవి వీనిని పరాయివారిగా నెంచక చుట్టములుగా చేర్చుకొనును. వాల్వు తీయదనమను మాటకు ఉన్న ఆధారము ఇదియే. కాని రాత్రివేళ మెల్లగా వినువారికి ఈ కలిమి పాటచాటున మఱుగుపడిపోవునంత స్వల్పము. మేము కట్టుకొన్న తువ్వాలు ఆ సంగతిని చెప్పినది.

తీయదనమునకు ఇంకొక కారణమును గలదు, దానిని అమ్మువారు చెప్పరు. కొన్ని వాల్వు ఆంప్లిఫయరులకు బయటికి పంపుచోట నిరోధము హెచ్చు. కొన్ని హెడ్‌ఫోనుల ఓములు అన్ని స్వరములకు నొక్కటిగా నుండక మంద్రమున పెరుగును. ఈ రెండును కలిసినచో మంద్రము ఉబ్బి వినబడును. దానినే వెచ్చదనమని మురియుదురు. ఆంప్లిఫయరు నిరోధము హెడ్‌ఫోను ఓములలో ఎనిమిదవ వంతునకు మించకుండుట మేలని వాడుకలోనున్న లెక్క. 32 ఓములవానికి 4 ఓములు. పెట్టెతో వచ్చు కాగితమున ఈ సంఖ్య లేనిచో అమ్మువారిని అడుగుడు.

పాతపాటలు పాతవాల్వుతో వినినగాని పండవని మా బంధువులలో నొకరు వాదించిరి. మాట సొంపుగానున్నది గాని, 1951నాటి పాతాళభైరవి పాటలను ముద్రించిన కాలమున శబ్దయంత్రములన్నియు వాల్వులతో నడచినవే. వాల్వు ఈయవలసినదేదో ఆనాడే పాటలోనికి చేరిపోయినది. ఉప్పు వేసిన పులుసులో వడ్డించునప్పుడు మరల ఉప్పు చల్లుదుమా?

అయినచో ఆంప్లిఫయరే వలదా? అది మీ హెడ్‌ఫోనులనుబట్టి యుండును. వోల్టులను వానిచేతనే హెచ్చవేసి ఓములచే భాగించినచో ఎన్ని వాట్ల శక్తి చేరునో తెలియును. డాంగిల్ 1 వోల్టు ఇచ్చినచో 32 ఓములవానికి 31 మిల్లీవాట్లు చేరును. అది కావలసినదానికి చాల హెచ్చు. 250 ఓములవానికి చేరునది 4 మిల్లీవాట్లే. ఇదియు చాలవఱకు సరిపోవును గాని, మెల్లగా ముద్రింపబడిన పాతవీణను వినునప్పుడు ఫోనులో ధ్వనిని చివరివఱకు పెంచినను మాకు తృప్తిగా లేకపోయెను. ఆంప్లిఫయరు బిరడాను సగము త్రిప్పగనే సమకూడెను. కావున 250, 300 ఓముల హెడ్‌ఫోనులు ఉన్నవారికి ఆంప్లిఫయరు పనికివచ్చును. వాల్వు లేనిదైనను అంతే పనికివచ్చును. 32 ఓములవానితో తృప్తిపడువారు ఈ పైకమును ఇంతకన్న మంచి హెడ్‌ఫోనులపై పెట్టుట మేలు. చెవికి తెలియు తేడా అక్కడ నున్నది.

దోషములలో మమ్ము ఎక్కువ బాధించినది బిరడా. దానిని కొద్దిగా త్రిప్పినంతలో ధ్వని ఎడమచెవికే ముందుగా వచ్చి, కుడిచెవి కొంతసేపు మూగయైయుండును. చౌకబిరడాల కిది పుట్టుగుణము. మెల్లగా వినదలచువారు ఉండునది సరిగా ఆ మొదటి మలుపులోనే! ఫోనులో ధ్వని తగ్గించి బిరడాను సగమువఱకు త్రిప్పుట దీనికి ఉపాయము. మీట వేసినవెంటనే చెవిలో ఢమ్మను చప్పుడొకటి వచ్చును గావున ముందు మీట వేసి, ఒక నిమిషము గడచిన పిమ్మట హెడ్‌ఫోనులు తగిలించుకొనుడు. బల్లమీద చేయి తగిలినచో వాల్వు గంటవలె కింగుమనును. గాజు ముట్టిన చుఱ్ఱుమనును. ప్రాకులాడు పిల్లలున్న యింట దానిని ఎత్తుగానుంచవలెను. విద్యుత్తు ఖర్చునకు మాత్రము భయపడనక్కఱలేదు. 10 వాట్ల చొప్పున దినమునకు రెండు గంటలు నడపినను నెలకు 0.6 యూనిట్లే యగును.

బిరడా చేతికి వచ్చినప్పుడు దానిని పెంచుచుపోవుట సులభము. 80 డెసిబెలుల ధ్వనిని వారమునకు 40 గంటలవఱకు వినవచ్చునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. ప్రతి 3 డెసిబెలులకు ఆ కాలము సగమగును. 89కి చేరునప్పటికి 5 గంటలు. పిల్లలకు 75 డెసిబెలులే మేర. ఫోనుకన్న బలమైన యంత్రము ఇంటికి వచ్చినప్పుడు ఈ లెక్క ముందుగా తెలిసియుండవలెను.

ఇన్ని చెప్పియు మేమా పెట్టెను తిరిగి పంపలేదు. కారణము వాల్వు గాదు. మా మామగారికి ఫోను అద్దముమీద వ్రేలు జరిపి ధ్వని పెంచుట చేతగాదు. చేతినిండ పట్టుకొని త్రిప్పు బిరడా చేతనగును. టెలివిజనునకు దీనిని తగిలించినది మొదలు సాయంకాలపు హరికథ వీధివారికి వినబడుట మానినది. చెవివైద్యునకు చూపి, ఎంతవఱకు త్రిప్పవచ్చునో బిరడాప్రక్కన సున్నపుచుక్క పెట్టితిమి.

కొనదలచినవారు వాల్వు సంఖ్యను వ్రాసికొనుడు. 12ఏయూ7నకే ఐరోపాలో ఈసీసీ82 అని పేరు. ఏ పేరున దొరకినను సరిపోవును. కొన్ని చిన్నపెట్టెలలో నుండు 6జే1 వేఱుజాతి, ఒకదాని గుంటలో వేఱొకటి పట్టదు. బెంగుళూరి భారత్ ఎలక్ట్రానిక్స్ వారు ఒకప్పుడు వాల్వులు చేసిరి. నేడు క్రొత్తవి రష్యా, స్లొవేకియా, చైనా దేశములనుండి వచ్చుచున్నవి. వాల్వు మార్చిన నాదము మారునని చెప్పి రెండవదానిని గూడ అంటగట్టజూతురు. మాతో వచ్చినది యింకను వెలుగుచున్నది. రెండవది మేము కొనలేదు.