పగడపు తొట్టిలో పిలువని పేరంటము

అద్దపు తొట్టిలో ఉప్పునీరు నింపి పగడములను పెంచువారు ముందుగా దానిలో జీవశిలను దింపుదురు. ఇది చచ్చిన పగడముల సున్నముతో ఏర్పడిన రాయి. చేపల విసర్జనలనుండి పుట్టు అమోనియాను నైట్రైటుగాను, నైట్రైటును నైట్రేటుగాను మార్చు బాక్టీరియాలు దీని రంధ్రములలో నివసించును. వాటికొరకే రాతిని తెత్తురు. అయితే వాటి వెంట పిలువని పేరంటమునకు మరికొన్ని ప్రాణులును వచ్చును.

వీటిలో తరచుగా కనబడునది ఐప్టేసియా. ఇది సీ అనిమోను జాతిలోనిది. గోధుమవన్నె కాడ, దాని కొనను పలుచని స్పర్శకములు ఉండును. తాకినంతనే ముడుచుకొని రంధ్రములోనికి పోవును. చూచుటకు ముద్దుగానే యుండును గాని, దాని కుట్టుకణములు ప్రక్కనున్న పగడమును చంపగలవు. క్రొత్తవారు దానిని బ్లేడుతో గీకివేయుదురు. పొరపాటంతయు ఇక్కడనే యున్నది. పాదమునుండి తెగిన చిన్న ముక్క సైతము నోటిని, స్పర్శకములను మొలిపించుకొని పూర్ణజీవి కాగలదు. ఒకదానిని పెరుకబోయి పదింటిని నాటినట్లగును!

గీకుటకు మారుగా, తడిసున్నమును చిక్కగా కలిపి పిచికారీతో దాని నోటిమీద పెట్టుదురు. సున్నము హెచ్చినచో నీటి క్షారత్వము పెరుగును గనుక ఒకనాటికి రెండు మూడింటితో ఆపవలెను. బెర్గియా యను చిప్పలేని చిన్ననత్తను విడుచుట మరియొక ఉపాయము. అది ఐప్టేసియాను తప్ప మరేమియు తినదు. మేత ముగిసిననాడు అదియు ఆకలితో చచ్చును. విచిత్రమేమనగా, ఈ ఐప్టేసియానే పరిశోధనాలయములలో పనిగట్టుకొని పెంచుచున్నారు. పగడమువలెనే ఇదియు తన కణములలో శైవలములను దాచుకొని, వేడి హెచ్చినపుడు వాటిని కోల్పోయి తెల్లబడును.

ముళ్ళపురుగులు చాలవరకు మిగిలిన మేతను తిని మేలే చేయును. వట్టిచేతితో ముట్టరాదు, అంతే. అన్నియు ఇట్టివి కావు. 2009లో ఇంగ్లండునందలి న్యూకీ పట్టణపు ప్రదర్శనశాలలో పగడములు రాత్రులందు తెగిపోవుచుండెను. తుదకు రాళ్ళన్నియు విప్పి చూడగా నాలుగడుగుల పురుగు బయటపడెను.

రాతిని ఉడికించిన పీడ విరగడగునని కొందరికి తోచును. ఇది ప్రాణాపాయకరము. శిలనంటియుండు కొన్ని పాలిథోవా జీవులలో పాలిటాక్సిను అను తీవ్రవిషము కలదు. రాయి మరుగుచుండగా అది ఆవిరితో గాలిలోనికి లేచి, ఇంటివారు జ్వరముతోను, ఆయాసముతోను ఆసుపత్రుల పాలైన ఉదంతములు ఉన్నవి. ఇట్టి రాతిని బ్రష్షుతో తోమరాదు. చేతితొడుగులు, కంటి అద్దములు లేక ముట్టరాదు. క్రొత్త రాతిని కొన్ని వారములు వేరొక తొట్టిలో నుంచి, రాత్రివేళ ఎర్రని దీపముతో వెదకి చూచిన పిమ్మటనే పగడముల చెంతకు చేర్చవలెను.