డేనా ఎడమ చెయ్యి: నల్లజాతి సైన్స్ ఫిక్షన్ మీద కొన్ని అపోహలు, వాస్తవాలు

1976 జులై 4. అమెరికా స్వాతంత్ర్యానికి సరిగ్గా రెండు వందల ఏళ్ళు నిండిన రోజు. కాలిఫోర్నియాలోని ఒక ఇంట్లో డేనా అనే నల్లజాతి యువతి ప్రాణం పోయేలా అరుస్తోంది. ఆమె ఎడమ చెయ్యి మోచేతి దగ్గర గోడలో కలిసిపోయింది. ఎంత లాగినా రావడం లేదు. దాదాపు నూటయాభై ఏళ్ళ వెనకటి మేరీలాండ్‌లో ఒక బానిసల యజమాని ఆమెను పట్టుకున్నది సరిగ్గా ఆ చోటే.

నల్లజాతి రచయిత్రి ఆక్టేవియా బట్లర్ 1979లో వెలువరించిన ‘కిండ్రెడ్’ నవల ఈ చెయ్యి పోవడంతోనే మొదలవుతుంది. ఎలా పోయిందో తెలియాలంటే చివరిదాకా చదవాలి. సహవాసి తెలుగు చేసిన ‘ఏడు తరాలు’ చదివినవాళ్ళు, పారిపోయినందుకు కుంటా కింటే పాదం నరికేసిన ఘట్టాన్ని మర్చిపోలేరు. డేనా చెయ్యి కూడా ఆ పాదం పక్కనే ఉండాల్సినది. అయినా ‘సైన్స్ ఫిక్షన్’ అన్న మాట వినగానే ఇలాంటి పుస్తకాన్ని పక్కన పెట్టేసేవాళ్ళు తక్కువేమీ కాదు.

అపోహ: బానిసత్వం చరిత్ర పుస్తకాల్లో ఉండాల్సిన విషయం. కాలప్రయాణాలు, గ్రహాంతరవాసులు వస్తే దాని బరువు తగ్గిపోతుంది.

‘కిండ్రెడ్’లో కాలయంత్రం ఉండదు. రూఫస్ అనే తెల్లపిల్లవాడు ప్రాణాపాయంలో పడ్డప్పుడల్లా డేనా ఉన్నపళంగా వెళ్ళి పంతొమ్మిదో శతాబ్దంలో పడుతుంది. అతను ఆమె ముత్తాతల్లో ఒకడు. అతనికీ, అతని పొలంలో బానిసగా మారిన ఆలిస్‌కీ ఒక కూతురు పుట్టేదాకా అతను బతికుండాలి. లేకపోతే డేనాయే లేదు. తన వాళ్ళను కొరడాతో కొట్టే మనిషిని తనే కాపాడుకోవాల్సిన గతి ఆమెది. ఈ ఇరకాటాన్ని ఏ చరిత్ర గ్రంథమూ ఇంత దగ్గరగా చూపించలేదు.

మళ్ళీ ఎప్పుడు వెళ్ళాల్సివస్తుందో తెలియక డేనా ఒక సంచి సర్దుకుని నడుముకు కట్టుకుంటుంది. అందులో కత్తి, సబ్బు, ఆస్పిరిన్, మారుబట్టలు. తర్వాత బానిసత్వం మీద ఒక చరిత్ర పుస్తకం కూడా చేరుతుంది. రూఫస్ ఆ పుస్తకాన్ని ఆమె చేతులతోనే మంటలో వేయిస్తాడు. ఆ రోజుల్లో బానిస పొలం దాటి వెళ్ళాలంటే యజమాని రాసిచ్చిన పాస్ ఉండాలి. చదువొచ్చిన డేనా దొంగ పాస్ రాయగలదు, ఇంకొకరికి చదువు నేర్పగలదు. యజమానులకు ఆమె అంటే గుబులు అందుకే. ఇంత చదివిన మనిషి ఒక రాత్రి పారిపోతుంది, కొద్ది గంటల్లోనే పట్టుబడి కొరడా దెబ్బలు తింటుంది. ఇరవయ్యో శతాబ్దపు తెలివి ఆ దెబ్బల ముందు ఎంతమాత్రం అక్కరకు రాలేదు.

ఈ నవలకు బీజం ఒక విద్యార్థి మాటల్లో పడిందని బట్లర్ చెప్పేవారు. తరతరాలుగా అణిగిమణిగి ఉండి తమను వెనక్కి లాగిన పెద్దవాళ్ళ మీద అతనికి పట్టరాని కోపం. బట్లర్ తల్లి ఇళ్ళలో పనిచేసేది. తల్లి వెనక గుమ్మంలోంచి లోపలికి వెళ్ళడం, ఎదుటే అవమానించినా పలకకపోవడం ఆమె చిన్నప్పుడు కళ్ళారా చూశారు. ఆ మౌనం మీదే తన ఇంట్లో పొయ్యి వెలిగిందన్న సంగతి పెద్దయ్యాక అర్థమైంది. నేటి మనిషిని తీసుకెళ్ళి అక్కడ నిలబెడితే ఎన్నాళ్ళు తట్టుకుంటాడో చూపించాలనుకున్నారు. మొదట మగవాణ్ణి నాయకుడిగా పెట్టి చూశారు. అతని నడక, చూపు చూసి తెల్లవాళ్ళు బతకనివ్వరనిపించి, ఆడమనిషిని పెట్టారు. ఇందులో సైన్స్ లేదు కాబట్టి తన దృష్టిలో ఇది ఫాంటసీ అని బట్లరే అన్నారు. పాఠకులు మాత్రం దాన్ని సైన్స్ ఫిక్షన్ అరలోనే ఉంచుకున్నారు.

అపోహ: ఇదంతా ‘బ్లాక్ పాంథర్’ సినిమాతో వచ్చిన కొత్త గాలి.

ఆ సినిమా వచ్చింది 2018లో. బానిసత్వం ఇంకా చట్టబద్ధంగా ఉన్న 1859లోనే నల్లజాతి రచయిత మార్టిన్ డెలానీ ‘బ్లేక్’ నవలను పత్రికలో సీరియల్‌గా మొదలుపెట్టారు. అమెరికా దక్షిణాది నుంచి క్యూబా దాకా బానిసల తిరుగుబాటును పన్నే వీరుడి కథ అది. 1920లో నల్లజాతి మేధావి డుబోయిస్ ‘ద కామెట్’ అనే కథ రాశారు. న్యూయార్క్‌లో ఒక నల్ల ఉద్యోగిని, విలువైన ప్రాణం కాదన్నట్టు, బ్యాంకు అడుగున ఉన్న నేలమాళిగలోకి పంపుతారు. ఆ సమయంలో తోకచుక్క విషవాయువుకు పైన నగరమంతా చచ్చిపోతుంది. అతనొక్కడూ మిగులుతాడు, అతనితో పాటు ఒక ధనిక తెల్ల యువతి. ఆ కొన్ని గంటలూ ఇద్దరూ మనుషులే. ఊరి బయట బతికున్న తెల్లవాళ్ళు తిరిగి రాగానే అతన్ని ఉరి తీద్దామన్న కేక వినిపిస్తుంది.

అపోహ: భవిష్యత్తు గురించి రాసే రంగంలో రంగు పట్టింపు ఎందుకుంటుంది?

మరో నల్లజాతి రచయిత శామ్యూల్ డెలానీ రాసిన ‘నోవా’ నవలను 1968 ప్రాంతంలో ‘అనలాగ్’ సైన్స్ ఫిక్షన్ పత్రిక సంపాదకుడు జాన్ క్యాంప్‌బెల్ సీరియల్‌గా వేయనన్నారు. కథానాయకుడు నల్లవాడైతే పాఠకులు దగ్గరకు తీసుకోరన్నది ఆయన చెప్పిన కారణం. నక్షత్రాల మధ్య ప్రయాణించడానికి లేని అడ్డు, ఆ ఓడ నడిపే మనిషి చర్మానికి వచ్చింది.

అపోహ: నల్ల రచయిత రాసిన ప్రతి గ్రహాంతరవాసీ బానిసత్వానికి ప్రతీకే.

బట్లర్ ‘బ్లడ్‌చైల్డ్’ కథ 1984లో వచ్చింది. సైన్స్ ఫిక్షన్ పురస్కారాలైన హ్యూగో, నెబ్యులా రెండూ గెలుచుకుంది. మనుషుల శరీరాల్లో గుడ్లు పెట్టే జీవుల కథ. అది బానిసత్వం గురించేనని విమర్శకులు రాస్తుంటే, కాదు, ప్రేమకథ, గర్భం దాల్చిన మగవాడి కథ అని ఆమె స్పష్టంగా చెప్పారు. రచయిత ఒంటి రంగు చూసి కథకు అర్థం కట్టడమూ ఒక రకం వివక్షే.

అపోహ: ఇవి ముగిసిపోయిన గతం గురించిన కథలు.

హార్వర్డ్ లా స్కూల్‌లో శాశ్వత ఆచార్య పదవి పొందిన మొదటి నల్లజాతి ప్రొఫెసర్ డెరిక్ బెల్. ఆయన 1992లో ‘ద స్పేస్ ట్రేడర్స్’ రాశారు. 2000 జనవరి 1న గ్రహాంతరవాసులు అమెరికా తీరానికి వస్తారు. బంగారం, కాలుష్యాన్ని కడిగేసే రసాయనాలు, ఎన్నటికీ చాలినంత శక్తి ఇస్తామంటారు. బదులుగా దేశంలోని నల్లవాళ్ళందర్నీ అప్పగించాలి. కోర్టులు, వ్యాపారులు, మతపెద్దలు చర్చిస్తారు. ప్రజాభిప్రాయ సేకరణ జరుగుతుంది. నూటికి డెబ్భై మంది సరేనంటారు. మార్టిన్ లూథర్ కింగ్ సెలవు రోజు తెల్లవారుతుండగా, లోదుస్తులు తప్ప ఒంటి మీద మరేమీ లేకుండా, సన్నటి గొలుసులతో కట్టేసిన నల్లవాళ్ళ వరుసలు తుపాకుల కాపలాలో తీరం మీద నుంచి ఆ ఓడల్లోకి నడుస్తాయి.